అశోకుడు స్టాకుంది, నేలకొండపల్లి లేదు

ఆ రోజుల్లో చరిత్ర మా టేకులపల్లికి ఫోను తీగలోంచి వచ్చేది. వచ్చేది కూడా రాజుగారి ఊరేగింపులా తొందరేమీ లేకుండా, పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత కిరీటం కొస, ఆ తర్వాత నుదురు. కంప్యూటరు ముందు పదిహేను మంది పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు పడి, ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. "మీసం ఉంటది!" అని ఒకడు, "ఉండదు, పందెం!" అని ఇంకొకతె. సరిగ్గా ముక్కు దాకా వచ్చేసరికి అవతల బూత్‌లో ఎవరో ఫోను ఎత్తేవాళ్లు. లైను తెగేది. చక్రవర్తి ముక్కు దగ్గర ఆగిపోయేవాడు. పిల్లలంతా ఒక్కసారిగా "అయ్యో" అనే అరుపు ఎదురుగా ఉన్న బస్టాండు దాకా వినపడేది. ఇప్పుడు నా ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, వెయ్యి మంది చక్రవర్తులు వచ్చి వరుసకట్టి నిలబడుతున్నారు. కానీ నిజం చెప్పొద్దూ, ఒక్కడి మీసం కోసమైనా నా గుండె అలా కొట్టుకోవడం లేదు.

మాది దుకాణాల ఇల్లు. తాతది కిరాణా, నాన్నది కిరాణా, పెద్దనాన్నది ఇనుప సామాన్లు. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. (బడిలో వేసిన రోజున పలకతో పాటు బలపం ఇస్తే, "కొసరు?" అని చెయ్యి చాపానట. మా పంతులమ్మ చాలా ఏళ్ల పాటు కనిపించిన వాళ్లందరికీ ఈ సంగతి చెప్పేది.) మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గల్లా దగ్గర కూర్చున్న మనిషి నోట 'లేదు' అన్న మాట రాకూడదు. బియ్యం అయిపోతే 'నిండుకున్నయి' అనాలి. అడిగిన సబ్బు లేకపోతే ఉన్న సబ్బును చేతిలో పెట్టి, అడిగినదాని కంటే ఇదే మేలని ఒప్పించాలి. "లేదు అన్నవనుకో, లక్ష్మి గా మాట ఇని పక్క దుకాణంలకు పోతది బిడ్డా" అనేవాడు తాత. ఆ భయం మా ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, అన్నానికి పిలిస్తే మేం పిల్లలం 'ఆకలి నిండుకుంది' అనేవాళ్లం.

అటువంటి దాన్ని తీసుకుపోయి మా చిన్నమామ నెట్ సెంటర్‌లో కూర్చోబెట్టాడు. నాకప్పుడు డిగ్రీ అయింది. బి.ఎడ్.కు ర్యాంకు రాలేదు. ఇంట్లో శనగపప్పు పొట్లాలు కడుతూ, కట్టిన పొట్లం కాగితాలు చదువుతూ కాలక్షేపం చేస్తున్నాను. చిన్నమామకు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన మూడో ఏడో నాలుగో ఏడో, ఖమ్మం వెళ్లి రెండు పాత కంప్యూటర్లు కొనుక్కొచ్చి, బూత్ వెనక గదిలో పెట్టి, బయట బోర్డు కట్టాడు. మండలం మొత్తానికి నెట్టు అదొక్కటే. బూత్‌కూ నెట్టుకూ కలిపి లైను కూడా ఒక్కటే. బాయి పనికి వచ్చి ఇక్కడ ఉంటున్న వాళ్లకు (మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు) గోదావరిఖని నుంచీ మంచిర్యాల నుంచీ చుట్టాల ఫోన్లు వచ్చేవి. ఫోను మోగిందంటే నెట్టు చచ్చిందన్నమాటే. మామ ముందుగదిలో, నేను వెనక గదిలో. మధ్యలో పరదా. పిల్లలు నాకు 'నెట్టక్క' అని పేరు పెట్టారు. నేనూ ఒప్పుకున్నాను, అసలు పేరు కంటే గిరాకీ బాగుంది కదా అని.

అన్నిటికీ మూలం హైస్కూలు సోషల్ సారు. సన్నగా, పొడుగ్గా, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని తిరిగే మనిషి. ఆయన ఎక్కడో చూసొచ్చి, ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ చరిత్రలో ముఖ్యమైన మనిషి ఒకరి గురించీ ముఖ్యమైన స్థలం ఒకదాని గురించీ నెట్టులో వెతికి, బొమ్మ అచ్చు తీసి, చార్టు మీద అంటించుకు రావాలని హుకుం వేశాడు. అంతే, మర్నాటి నుంచి బడి వదలగానే మా పరదా చిరిగిపోయేంత తోపులాట. సామాన్ల చీటీలు పట్టుకొచ్చినట్టే వచ్చేవాళ్లు.

"నెట్టక్కా, అశోకుడు ఉన్నడా?"

"ఉన్నడు, కూర్చో. ఏ సైజు?"

"నాకు రుద్రమదేవి ఒకటి, చార్మినార్ ఒకటి. జల్దీ ఇయ్యక్కా, ట్యూషనుంది."

"రుద్రమదేవి గుర్రం మీదుండాల్నా, గద్దె మీదుండాల్నా?"

"గుర్రం మీదుంటే ఎక్కువ మార్కులేస్తడా?"

నాకు పండగలా ఉండేది. ఎవరికి ఏం కావాలో రెండు రోజుల్లో పసిగట్టాను. ఎక్కువ పోయే సరుకు ముందే తెచ్చిపెట్టుకోవడం మా ఇంటి విద్య. పొద్దున లైను ఖాళీగా ఉన్నప్పుడు అశోకుణ్ణీ అక్బరునూ తాజమహలునూ దింపుకుని, 'సరుకు' అని పేరు పెట్టిన ఫోల్డరులో సర్దేదాన్ని. లేని సరుకు అడిగితే మాత్రం తాత గొంతు నా నోట్లో పలికేది. "తుగ్లకా? తుగ్లక్ ఏముంటడురా, ఊకె ఊర్లు మార్చిండు. బాబర్‌ను తీసుకపో, గడ్డం చూడు ఎట్లున్నదో!" ఆ పిల్లవాడు గడ్డానికి మురిసిపోయి బాబరును చుట్ట చుట్టుకుని పోయేవాడు. ఒకసారి ఎంత దేవులాడినా ఒక కాకతీయ రాజు బొమ్మ దొరక్కపోతే, ఎవరో రాజస్థాన్ దొరను తలపాగా కత్తిరించేసి అంటగట్టాను. అతనే ఇంకో వారంలో ఇంకో ఇద్దరు రాజులుగా కూడా పనిచేశాడు, పాపం. సోషల్ సారు ఒక సాయంత్రం బూత్‌కు ఫోను చేసుకోవడానికి వచ్చి, పరదా తొలగించి నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మన రాజులందరు ఒక్క తల్లి బిడ్డలేనా?" అన్నాడు. "రాచరికం కద సార్, పోలికలుంటయి" అన్నాను. ఆయన చెవి మీది సుద్దముక్క సర్దుకుని వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను.

ఆ తోపులాటలో ఒక పిల్ల మాత్రం వెనక నిలబడేది. ఏడో తరగతి. తండ్రి బాయిలో పనిచేస్తాడు. రెండు జడలు, చేతిలో ఎప్పుడూ చివర కొరికేసిన పెన్సిలు. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది. అందుకని అందరూ 'ఎందుకు పాప' అనేవాళ్లు. (ఎందుకంటారని అందర్నీ అడిగిందట కూడా.) రద్దీ తగ్గాక ముందుకొచ్చి, "నాకు నేలకొండపల్లి స్తూపం కావాలె అక్కా" అంది.

"గదెందుకే? తాజమహల్ తీస్కో. తెల్లగ, చార్టు మీద మస్తు కనపడ్తది."

"తాజమహల్ తొమ్మిది మంది పెట్టిన్రు. నేలకొండపల్లి మా అమ్మమ్మ పుట్టిన ఊరు. నేనే ఎన్నడు చూడలే. గాడ బుద్ధుని కాలంనాటి పెద్ద దిబ్బ ఉన్నదంట. మా అమ్మమ్మ గా దిబ్బ మీదనే మేకలు కాసిందంట."

రెండు సాయంత్రాలు వెతికాం. నా పక్కన కుర్చీ అంచున కూర్చుని, పేజీ దిగుతున్నంతసేపూ పెన్సిలు కొరుకుతూ "వస్తుందా? వస్తుందా?" అని గొణిగేది. ఆ పిల్ల ఆత్రం నాకూ అంటుకుంది. నేను కూడా గోరు కొరకడం మొదలుపెట్టాను. ఒకచోట పాత బౌద్ధ స్థలాల జాబితాలో నేలకొండపల్లి పేరుతో రెండు వరుసలు దొరికాయి. ఇద్దరం ఎగిరి గంతేశాం. ఆ రెండు వరుసలే. బొమ్మ లేదు. ఇంకెక్కడా ఏమీ లేదు. ఖమ్మానికి కూతవేటు దూరంలో ఉన్న దిబ్బ ప్రపంచమంతా చుట్టి వచ్చిన తీగకు తెలియదు.

అప్పుడు నేను చెయ్యాల్సిన పని చాలా చిన్నది. 'లేదు' అని ఒక్క మాట అనడం. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, తాత మొహం చూసి, వెనక్కి పోయింది. "రేపు రా, తెప్పిస్త" అన్నాను. (తెప్పించడానికి అదేమన్నా గుంటూరు మిరపకాయా!) మర్నాడు ఆ పిల్ల వచ్చేసరికి సాంచి స్తూపం బొమ్మ ధగధగలాడుతూ సిద్ధంగా పెట్టాను. రాతి తోరణాలు, శిల్పాలు, చుట్టూ పచ్చిక.

"గిది నేలకొండపల్లిదేనా అక్కా?"

"స్తూపమే కదనే. మేలురకం."

"గీ గుమ్మాలు ఎందుకున్నయి?"

"పెద్ద స్తూపాలకు గుమ్మాలుంటయి."

ఆ పిల్ల బొమ్మను చార్టులో చుట్టకుండా గుండెలకు హత్తుకుని తీసుకుపోయింది. మొట్టమొదటిసారి రెండో 'ఎందుకు' అడగలేదు. నా మీద అంత నమ్మకమన్నమాట. నేనేమో మంచి బేరం చేశానని ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెప్పించుకు తిన్నాను.

పది రోజులకు వార్త వచ్చింది. ఖమ్మంలో వచ్చే సోమవారం జిల్లా మొత్తం బడులకు ప్రదర్శన పెడుతున్నారు. బడికి ఒక్క చార్టే పంపాలి. మన బడి నుంచి ఎందుకు పాప నేలకొండపల్లి చార్టు! అందరూ ఎరిగినవి కాకుండా సొంత జిల్లా స్థలం ఎంచుకుందని సోషల్ సారు పేరు చూసే ఏరి పెట్టాడట. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి పరదాతో సహా నన్ను వాటేసుకుంది. వాళ్ల నాన్న సోమవారం షిఫ్టు మార్చుకున్నాడు, కూతురితో ఖమ్మం పోవడానికి. వాళ్ల చర్చిలో ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు పిల్ల పేరు చదివి అందరితో ఆమెన్ అనిపించారట. కార్మికుల ఇళ్ల వరుస మొత్తానికి అదే మాట. నేనూ కాలర్ ఎగరేశాను, పంజాబీ డ్రెస్సుకు కాలర్ లేకపోయినా.

శనివారం పొద్దున పరదా తొలగింది. తెల్లచీర, నుదుట బొట్టు లేని ముసలమ్మ. చంకలో చుట్ట చుట్టిన చార్టు. ఎందుకు పాప అమ్మమ్మ. నా టేబులు మీద చార్టు పరిచి, రెండు కొసల మీద మౌసూ కీబోర్డూ బరువు పెట్టింది.

"గిదేంది బిడ్డా?"

"స్తూపం అమ్మమ్మా."

"ఏ ఊరిది?"

నేను గొంతు సవరించుకున్నాను. "నేలకొండపల్లిది."

"మా దిబ్బకు గీ రాతి గుమ్మాలు ఎవలు లేపిన్రు? ఎప్పుడు లేపిన్రు?"

"నడుమ కొత్తగ కట్టిన్రేమో..."

"నేను పుట్టింది గాడ్నే. పదిహేనేండ్లు గా దిబ్బ మీద మేకలు కాసిన. గా ఇటుకలు నా అరికాళ్లకు తెలుసు. గిది మా దిబ్బ గాదు. ఏ ఊరిదో చెప్పు."

మా దుకాణంలో అరువు అడిగేవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడగలిగిన దాన్ని, ఆ ముసలమ్మ కళ్లలోకి చూడలేకపోయాను. సాంచిది అన్నాను. అది ఎక్కడ అంది. మధ్యప్రదేశ్ అన్నాను. "అయితే లేదని ఎందుకు చెప్పకపోయినవ్? లేదంటే నోరు పడిపోతదా?" అంది. అవ్ అమ్మమ్మా, మా ఇంట్లో అట్లనే చెప్పిన్రు అని చెబుదామనుకున్నాను. అంతలో చూసుకుంటే పరదా అవతల రెండు జడలు.

ఎందుకు పాప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. లోపలికొచ్చి చార్టు మీద చెయ్యి పెట్టి, "ఎల్లుండి జడ్జీలకు నేను గుమ్మాల గురించే చెప్పాలని మొత్తం బట్టీ పట్టిన అక్కా" అంది. "ఇప్పుడేం చెప్పాలె? సార్‌కు చెప్తే తాజమహల్ పిలగాన్ని పంపుతడు. చెప్పకపోతే... నేను అబద్ధం చెప్పాల్నా?"

ఆ ప్రశ్నకు ప్రత్యామ్నాయ సరుకు లేదు. ఫోల్డరు మొత్తం వెతికినా లేదు. నాలో ఉన్న బేరగత్తె మాత్రం అప్పటికే లెక్క వేస్తోంది: శనివారం, సోమవారం, మధ్యలో ఒక పగలు. ఖమ్మం మీదుగా నేలకొండపల్లికి బస్సుంది. "రేపు పొద్దున మొదటి బస్సుకు పోదాం" అన్నాను. "నిజమైన దిబ్బ ఫోటో మనమే తీస్కొద్దాం." ఆ పిల్ల మొహం నెట్టులో బొమ్మ దిగినట్టు పైనుంచి కిందికి మెల్లగా వెలిగింది. ముందు కళ్లు, తర్వాత బుగ్గలు, ఆఖరున పళ్లు.

కెమెరా కోసం బస్టాండు పక్క ఫోటో స్టూడియో ఆయన దగ్గరికి పరుగెత్తాను. మాకు వరసకు బావ. ఆయన కెమెరాలో ఒక పెళ్లి సగం ఉంది. "ఇంక తొమ్మిది ఫోటోలే మిగిలినయి. మూత తెరిచినవో, పెండ్లికొడుకు వచ్చి నన్ను కొడ్తడు" అన్నాడు. అరగంట బేరం. ఆఖరికి నెల రోజుల పాటు ఆయన కొడుక్కి కావలసిన రాజులూ కోటలూ ఊరికే ఇచ్చే షరతు మీద కెమెరా నా చేతికొచ్చింది. నేనే గెలిచాననుకున్నాను. (ఆ కుర్రాడు మంగళవారం నుంచి మొఘల్ వంశం మొత్తాన్ని వరుసగా పట్టుకుపోయాడు.)

ఆదివారం అమ్మమ్మ తెల్లవారుజామునే ప్రార్థన ముగించుకుని, సద్ది గిన్నె, మనవరాలితో బస్టాండులో నిలబడింది. నేను కెమెరా మెడలో వేసుకుని, సబ్బుల కంపెనీ వాళ్లు మా దుకాణానికి ఊరికే ఇచ్చిన పసుపుపచ్చ గొడుగు పట్టుకుని వెళ్లాను. ఇల్లందు, ఖమ్మం, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. దారి పొడుగునా ఎందుకు పాప ప్రశ్నలు, అమ్మమ్మ జవాబులు. విరాటరాజు గద్దె అదేనని ఊళ్లోవాళ్లు చెప్పుకునేదీ, బుద్ధుడి దిబ్బ అని సార్లు వచ్చి తవ్వి చెప్పిందీ, మేక పిల్ల ఒకటి ఇటుకల సందులో ఇరుక్కుంటే తను లాగిందీ. మా వెనక సీటు వాళ్లు కూడా దిగాల్సిన చోట దిగకుండా విన్నారు.

ఊరు దాటి నడిచి, మలుపు తిరిగేసరికి దిబ్బ. గుండ్రంగా, ఎర్రగా, బోర్లించిన పెద్ద గంగాళంలా ఉంది. తోరణాల్లేవు. శిల్పాల్లేవు. ఎండ ఉంది, గడ్డి ఉంది, బోలెడన్ని మేకలున్నాయి. "గింతేనా?" అంది ఎందుకు పాప నీరసంగా. అప్పుడు అమ్మమ్మ వంగి, కింద ఒక ఇటుక చూపించి, "నీ చెయ్యి పెట్టు" అంది. పెట్టింది. చెయ్యి సరిపోలేదు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. అప్పటికీ ఇటుక మిగిలింది. "గింత పెద్ద ఇటుకలా! ఎవలు చేసిన్రు? ఎట్ల మోసిన్రు? ఎన్ని పట్టినయి?" అంటూ ఇక పరుగు అందుకుంది. దిబ్బ చుట్టూ అడుగులు కొలుస్తూ, కొలత మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి కొలుస్తూ, జడలు ఎగురుతుంటే. నేను కూడా వెనక పరుగెత్తాను, ఎందుకో నాకే తెలియదు. కంప్యూటరులో అన్ని కోటలు దింపాను గానీ చేత్తో తాకిన మొదటి చరిత్ర అదే.

ఫోటో తీద్దామంటే మేకలు. ఎటు తిరిగినా మేకలే. కాపరిని పిలిచాను. బుర్రమీసాలు, రెండు కొసలూ పైకి మెలిపెట్టి, నా ఫోల్డరులో ఉన్న ఏ రాజుకూ లేనంత గొప్ప మీసాలు.

"అన్నా, జర మేకల్ని అటు తోలవా? ఫోటో తీసుకోవాలె."

"తోలుత. నన్ను తీస్తవా?"

"నిన్నెందుకన్నా, గిది చరిత్ర ఫోటో."

"మరి నా మేకలెందుకు పోవాలె? గివి రోజూ ఈడ్నే మేస్తయి. మీరే ఇయ్యాల వచ్చిన్రు."

ఇంత సూటి బేరం మా తాత కూడా చెయ్యలేదు. ఒక ఫోటోలో నువ్వు, మిగతావాటిలో మేకలు లేకుండా దిబ్బ అన్నాను. ఒక ఫోటోలో నేనూ మేకలూ, ఆ తర్వాతే మేకల్ని తోలుతా అన్నాడు. సగానికి సగం అన్నాను. మేకలకు సగం తెలియదన్నాడు. ఓడిపోయాను. మీసాలు సవరించుకుని నిలబడ్డాడు. అమ్మమ్మ ఎండకు నా పసుపు గొడుగు వేసుకుని పక్కన నిలబడింది. ఎందుకు పాప ఇటుక మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఒకటి నొక్కాను. తర్వాత మేకల్ని తోలాక మంచి ఫోటోలు ఎనిమిది, ఒంగి, కూర్చుని, పడుకుని మరీ తీశాను.

ఖమ్మంలో స్టూడియో బావకు తెలిసిన ల్యాబ్‌లో గంటలో కడిగించాం. పెళ్లి ఫోటోల మధ్యలోంచి మావి ఏరుతున్న కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నాడు. ఎనిమిది మంచి ఫోటోల్లో అయిదింటిలో నా వేలు తప్ప ఏమీ లేదు. రెండింటిలో ఆకాశం. ఒకదానిలో నా చెప్పు. మిగిలింది మొదటిదే: దిబ్బ, మీసాలు, మేకలు, గొడుగు, పాప. దాని కుడివైపు కింది మూలలో కూడా ఎర్రగా మసకగా నా వేలు కొస. "గిదే మంచిగుంది" అంది ఎందుకు పాప. సాయంత్రం వెలుగుండగానే వచ్చి సాంచి మీద నేలకొండపల్లిని అంటించాం. సోమవారం పొద్దున బస్సు దగ్గర సోషల్ సారుకు మొత్తం చెప్పేశాను, తల వంచుకుని. ఆయన చార్టు చూసి, నన్ను చూసి, "నీ సంగతి రాజుల మొహాలు చూసిన్నాడే తెలుసమ్మా" అన్నాడు. తర్వాత బస్సులో నాకు కూడా సీటు ఆపాడు.

హాలు నిండా చార్టులు, థర్మకోల్ కోటలు. పిల్లలందరూ వెబ్‌సైటు పేర్లు మంత్రాల్లా అప్పజెబుతున్నారు. కళ్లజోడు పెట్టుకున్న ఒక కాలేజీ మేడం మా చార్టు దగ్గర ఆగింది. పాప వాళ్ల నాన్న చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నేను ఆయన వెనక సగం దాక్కున్నాను.

"ఈ బొమ్మ ఏ వెబ్‌సైటులోది పాపా?"

"నెట్టుల లేదు మేడం."

నా ప్రాణం చివుక్కుమంది. అంత పెద్ద హాలులో, అందరి ముందూ ఆ మాట!

"లేదా?"

"లేదు మేడం. మా నెట్టక్క రెండు రోజులు దేవులాడింది. లేదు. గందుకే మేమే పోయి తెచ్చినం."

మేడం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఫోటోకు దగ్గరగా వంగింది. "మరి ఈ మేకలెందుకు?" అంది. జీవితంలో మొదటిసారి 'ఎందుకు' అనే మాట ఆ పిల్లకు ఎదురొచ్చింది. పెన్సిలు ఒకసారి కొరికి, "గాయన తోలనన్నడు మేడం" అంది ఉన్నదున్నట్టు. మేడం పకపకా నవ్వింది. "తోలకపోవడమే మంచిదైంది. మేక పక్కన ఉంటేనే కదా దిబ్బ ఎంత ఎత్తో తెలిసేది!" అని, పాపతో పావుగంట మాట్లాడింది. ఇటుక మీద చేతులు ఎలా పెట్టిందో చేసి చూపించమంది. రెండో బహుమతి వచ్చింది. మొదటిది లైట్లు వెలిగే థర్మకోల్ చార్మినార్‌కు పోయింది. వాళ్ల నాన్న కూతుర్ని భుజానికెత్తుకుని బస్టాండు దాకా నడిచాడు, ఏడో తరగతి పిల్లను! వెళ్లేముందు మేడం నాతో ఒక మాట చెప్పింది. "మీరు వెతికితే దొరకలేదు కదా. మీరే పెట్టండి. ఇంకొకరు వెతికితే దొరుకుతుంది."

ఇక మా గదిలో ఆ సాయంత్రం చూడాలి. స్టూడియో బావ ఫోటోను స్కాను చేసి ఇచ్చాడు. ఊరికే పేజీ పెట్టుకోనిచ్చే ఒక సైటు పట్టుకున్నాను. ఇన్నాళ్లూ బొమ్మలు దిగడమే చూసిన పిల్లలు ఇప్పుడు ఒకటి పైకి పోవడం చూడటానికి కిటికీలెక్కారు. చిన్న నీలం గీత ఒకటి గోరంత గోరంత నిండుతోంది. ఫోను మోగితే అంతా మళ్లీ మొదటికి. చిన్నమామ బూత్ తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, మా అత్తకు ఫోన్ చేయాలె, జల్దీ."

"ఆగు. లైను బిజీ. నేలకొండపల్లి పోతుంది."

"బస్సా?"

"దిబ్బ. మీ అత్త ఎటూ పోదు, ఆగు!"

లోపల పిల్లలు అరుస్తున్నారు, సగం! ముప్పావు! గీత చివరికి తగిలి పేజీ మారేసరికి అరిచిన అరుపుకు ఆ ఫోను చెయ్యాల్సిన ఆయన కూడా లోపలికొచ్చి చప్పట్లు కొట్టాడు, దేనికో తెలియకుండానే. ఫోటో కింద ఎందుకు పాప తనే రాసింది: ఇది నేలకొండపల్లి, ఇటుకలు పెద్దవి, గుమ్మాలు లేవు.

నెట్ సెంటర్ తర్వాత సెల్ రీచార్జి దుకాణమైంది, ఆ తర్వాత జిరాక్సు. ఆ ఉచిత సైటు కూడా ఎప్పుడో మూతపడిందని విన్నాను. ఎందుకు పాప ఇప్పుడు పినపాక వైపు బడిలో సోషల్ టీచరు. పిల్లలు 'ఎందుకు' అని అడక్కపోతే కోప్పడుతుందట. నేను కూడా మారాను. మా దుకాణంలో లేని సరుకు అడిగితే లేదనే చెబుతున్నాను. లక్ష్మి పక్క దుకాణానికి వెళ్లిందో లేదో గానీ, తిరిగొచ్చే దారి మాత్రం ఆవిడకు తెలుసు.

మొన్న మా అమ్మాయి బడి పని కోసం ఫోనులో వెతుకుతూ, "అమ్మా, ఖమ్మం జిల్లా స్తూపం. ఎవరి ఫోటోనో, పేరు లేదు, మధ్యలో మేకలు కూడా ఉన్నాయి" అని నవ్వింది. ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారో, ఎన్ని చేతులు మారిందో. నేను ఫోను లాక్కుని అరచేత్తో మూసేశాను. "ఏంటమ్మా?" అంది. ఆగమన్నాను. చెయ్యిని పైనుంచి కిందికి మెల్లగా జరిపాను. ముందు ఆకాశం వచ్చింది. దిబ్బ అంచు వచ్చింది. పసుపు గొడుగు, దాని కింద ఇప్పుడు లేని అమ్మమ్మ. "మీసం ఉంటుందా, పందెం?" అన్నాను. మా అమ్మాయి నన్ను వింతగా చూసింది. మీసాలు వచ్చాయి, రెండు కొసలూ పైకి మెలితిరిగి. రెండు జడలు వచ్చాయి, ఇటుక మీద చెయ్యి వచ్చింది, మేకలొచ్చాయి. చిట్టచివర కుడివైపు మూల, ఎర్రటి మసక.

"ఈ మరక ఏంటమ్మా?"

"కొసరు" అన్నాను.